నూజివీడులో ఎలవర్తి కారు

నేను ఒక కారును ముక్కలుగా మాత్రమే ఎరుగుదును. దాని బేరింగులు, గాస్కెట్లు, ఫ్యాను బెల్టులు, తలుపు పిడులు అన్నీ నా చేతుల మీదుగా పోయాయి. ఏ ముక్క ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. కారును మాత్రం ఈ వేసవి దాకా చూడలేదు.

కడపలో మాది మోటారు సామాన్ల కొట్టు. మా నాయన పెట్టినది. ఎల్వర్టన్ అనే ఇంగ్లండు కంపెనీ కార్లకు విడిభాగాలు అమ్మే హక్కు మా జిల్లాలో ఆయనకే ఉండేది. నేను గల్లా ముందు కూర్చునే నాటికి ఆ కంపెనీ లేదు, ఊళ్లో ఆ కార్లూ లేవు. ఎక్కడెక్కడి మెకానిక్కులో బస్సెక్కి వచ్చి కావలసిన ముక్క పట్టుకుపోయేవారు. చెడిపోయిన కారు ఎలాగూ రాదు. బాగుపడ్డ కారు కడప దాకా వచ్చి మొహం చూపించి పోవాల్సిన పనేముంది?

మే నెలలో ఒక ఫోనొచ్చింది.

"రాయుడు గారేనా? నూజివీడు నుంచండీ. మాది మామిడికాయల వ్యాపారం. ఎలవర్తి కారుకి వాటర్ పంపు మీ దగ్గర దొరుకుతుందన్నారు."

ఎలవర్తి అంటే మా ఎల్వర్టనే అని అర్థం కావడానికి కాసేపు పట్టింది. పంపు ఉంది. ఒకే ఒక్కటి మిగిలింది, పై అరలో, గ్రీజు కాగితంలో.

"కొరియర్లో వేస్తారా?" అన్నాడాయన.

"కారు నడుస్తుందా?" అన్నాను.

"పంపు పడితే నడుస్తుందండీ. మిగతావన్నీ మా మెకానిక్ సరిచేశాడు. కాసేపు తిప్పితే మరిగిపోతోంది, అంతే."

"అయితే నేనే తెస్తా."

మా ఆవిడ నవ్వింది. "ఈ ఎండలో ఇనుప ముక్క మోసుకుని యాత్ర పోయే మనిషిని నిన్నే చూస్తాండా" అంది. అంటూనే దోవలో తినడానికి చెనక్కాయల పొడీ రొట్టెలూ కట్టిచ్చింది.

బెజవాడ

బెజవాడ స్టేషన్లో సంచీ తనిఖీ చేసే పోలీసు నన్ను ఆపాడు.

"ఏంటండీ ఇది?"

"వాటర్ పంపు."

"ఇంత చిన్నదా? ఏ బావికి?"

"బావికి కాదు సార్, కారుకి."

ఆయన దాన్ని చేత్తో ఎత్తి బరువు చూశాడు. ఫ్యాను తగిలించే చక్రాన్ని వేలితో తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగింది. "ఇలాంటి సామాను ఇప్పుడెక్కడ చేస్తున్నారండీ" అని మెచ్చుకుని వదిలేశాడు. నాకు కొడుకును ఎవరో పొగిడినంత సంతోషం వేసింది.

నూజివీడు బస్సులో నా పక్కన ఉంగుటూరు నుంచి వస్తున్న ఒక రైతు కూర్చున్నాడు. వరి తప్ప ఇంకో పంట వేయని మనిషి. ఏటా వేసవిలో ఆవకాయకు కాయ కొనడానికి మాత్రం స్వయంగా నూజివీడు వెళ్తాడట. నేను కడప నుంచని తెలిసి జాలిపడ్డాడు.

"మీకు అక్కడ మామిడికాయలు ఉండవు కదండీ పాపం."

ఊరుకోలేకపోయాను. కోడూరు తోటల సంగతి చెప్పాను, మా బేనీషా సంగతి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "బేనీషా అంటే మా బంగినపల్లే కదండీ. అది కోసుకుని తినే కాయ. రసం వేరు. రసాన్ని కోయకూడదు. చేతుల్లో పెట్టుకుని బుజ్జగించాలి. మెత్తబడ్డాక ముచ్చిక తీసి, మొదటి చుక్క పారేసి, నోట్లో పెట్టుకోవాలి. చొక్కా పాడవలేదంటే తినడం రాలేదన్నట్టు."

ఆగిరిపల్లి దాటాక కిటికీలోంచి వచ్చే గాలి వాసన మారింది. దారికి రెండువైపులా తోటలే. చివర వల సంచి కట్టిన పొడవాటి కర్రలతో కాయలు దించుతున్నారు. కాయ నేల తాకితే ధర పడిపోతుంది కాబట్టి ఆ దించడంలో పసిపిల్లను దించినంత జాగ్రత్త కనిపించింది. మా వైపు బెంగళూరా అనే కాయను ఇక్కడ కలెక్టరు కాయ అంటారు. ఏ కలెక్టరు పేరు మీద వచ్చిందని అడిగితే, "ఎవరైతేనేంటండీ, బదిలీ కాకుండా ఉన్న కలెక్టరు ఇదొక్కటే" అన్నాడు ఉంగుటూరు రైతు.

కోటేశ్వరరావు గారి ఇల్లు

ఫోను చేసిన వ్యాపారి పేరు కోటేశ్వరరావు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, చెవి వెనక పెన్సిలు. ఇల్లు ముందువైపు, మామిడికాయల గోదాము వెనకవైపు. లాడ్జీలో దిగుతానంటే ఆయన భార్య పద్మావతి గారు ఒప్పుకోలేదు. "పంపు తెచ్చినవాళ్లు లాడ్జీలో ఉంటే మాకు మర్యాదేనా అండీ?" అన్నారు.

ఆ సాయంత్రం భోజనంలో మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు, కొత్త మాగాయ, మజ్జిగ పులుసు. మాకు వేడి సంగటి ముద్ద మధ్యలో గుంత చేసి నెయ్యి పోసుకునే అలవాటు. ఇక్కడ ప్రతి ముద్దకూ ఒక వడియం కావాలి. నేను "చాలన్నా, చాలు" అన్నప్పుడల్లా కోటేశ్వరరావు గారు మొహమాటమనుకుని ఇంకో గరిటె వేయించారు. మూడోసారికి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

చేతులు కడుక్కున్నాక ఆయన అడిగారు. "ఇంతకీ ఆ ఎలవర్తి వాళ్లు ఏ ఊరివాళ్లండీ? మా నాన్న గుంటూరు వైపు అనేవాడు."

నేను నవ్వు ఆపుకున్నాను. "వాళ్లది ఇంగ్లండు. ఎల్వర్టన్ అనేది కంపెనీ పేరు."

"అదేంటండీ! మేము ఇన్నాళ్లూ మన కమ్మవారెవరో కారు చేశారని గర్వంగా చెప్పుకుంటున్నాం."

అప్పుడు మా నాయన నాకు చెప్పిన కథంతా వాళ్లకు చెప్పాను. ఇంగ్లండు నడిమధ్య ఒక ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు బట్టలు కుట్టే మిషన్లు చేసేవారు. వాటి నుంచి సైకిళ్లకు, సైకిళ్ల నుంచి కార్లకు వచ్చారు. పెద్ద యుద్ధంలో కార్లు ఆపి సైన్యానికి లారీలు చేశారు. యుద్ధమయ్యాక అక్కడ ఇనుముకు కరువొచ్చింది. విదేశాలకు అమ్మేవాళ్లకే ఇనుము ఇస్తామంది ప్రభుత్వం. అందుకని సొంత ఊరివాళ్లు కారు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంటే, ఆ కార్లు మాత్రం ఓడలెక్కి మద్రాసు రేవులో దిగాయి. చేసినవాళ్లకు దొరకని కారు కడపలో, నూజివీడులో తిరిగింది.

"పాపం" అన్నారు పద్మావతి గారు, ఆ సొంత ఊరివాళ్ల గురించి.

తర్వాత మన దేశంలో బయటి కార్లకు తలుపులు మూశారు. అక్కడ అన్నదమ్ముల వారసులకు పడలేదు. ఒక పెద్ద కంపెనీ ఎల్వర్టన్‌ను కొనేసి, కొన్నాళ్లు పేరు ఉంచి, ఆ తర్వాత పేరు కూడా తీసేసింది. మా కొట్టుకు ఏటా కంపెనీ క్యాలెండరు వచ్చేది, ప్రతి నెలకూ ఒక కారు బొమ్మతో. ఒక ఏడాది రాలేదు. మా నాయన సంక్రాంతి దాకా చూసి, శివరాత్రి దాకా చూసి, చివరికి ఆ మేకుకు బీడీల కంపెనీ క్యాలెండరు తగిలించాడు. మా కుటుంబానికి ఎల్వర్టన్ మూతపడిన సంగతి తెలిసింది అలాగే. ఫ్యాక్టరీ పడగొట్టిన చోట ఇప్పుడు కూరగాయలూ బ్రెడ్డూ అమ్మే పెద్ద బజారు ఉందని తర్వాతెప్పుడో ఫోన్లో చూశాను.

కోటేశ్వరరావు గారు చెవి వెనక పెన్సిలు తీసి, తిప్పి, మళ్లీ పెట్టుకున్నారు. ఆ తర్వాత నాకు తెలియని సంగతొకటి చెప్పారు.

"కారు అమ్మేస్తున్నానండీ. హైదరాబాదు దగ్గర రిసార్టు వాళ్లు కొంటున్నారు. ఆదివారం లారీ వస్తుంది."

"రిసార్టులో ఎవరు నడుపుతారు?"

"నడపరు. ఇంజను తీసేసి, ముందు డొప్పలో పూలమొక్కలు పెడతారట. పెళ్లిళ్లకొచ్చినవాళ్లు ఫొటోలు దిగుతారు. పంపేముందు ఒక్కసారి నడిస్తే చూద్దామని నా ఆశ. అందుకే మీ పంపు."

"పూలకుండీకి వాటర్ పంపు ఎందుకండీ? నీళ్లు చెంబుతో పోస్తే చాలు" అన్నాను. అనకుండా ఉండాల్సింది. తిన్న ఇంట్లో అనాల్సిన మాట కాదు.

ఆయన మొహం ఎర్రబడింది. "మీకేమండీ, అరలో పెట్టుకునే సామాను మీది. నాకు ఆ షెడ్డు కావాలి. కాయలు మగ్గేసే చల్లగది కట్టకపోతే నా కొనుగోలుదార్లు పక్క గోదాముకు పోతున్నారు. ఎంతకాలం మేపమంటారు దాన్ని?"

ఆ మాటలో తప్పేమీ లేదు. పద్మావతి గారు మధ్యలోకొచ్చారు. "పొద్దున్నే పంపు తగిలించండి. అది తిరిగాక మీరిద్దరూ తీరిగ్గా పోట్లాడుకోవచ్చు."

షెడ్డు

పొద్దున పెసరట్టు ఉప్మా తిని షెడ్డుకు వెళ్లాం. రాత్రి మాటల చేదు ఇద్దరికీ ఇంకా పోలేదు. తలుపు తీశాక మాత్రం నేను ఆయన్నీ ఆయన రిసార్టునీ మరిచిపోయాను.

ముదురాకుపచ్చ కారు. గుండ్రటి భుజాలు, ముందు నిలువు కమ్మీల జాలీ. నాకు తెలియని ముక్క దానిలో ఒక్కటీ లేదు. ఆ తలుపు పిడిని ఎన్నోసార్లు తుడిచాను. ఆ లైటు చుట్టూ ఉన్న కమ్మీని ఎన్నోసార్లు కాగితంలో చుట్టాను. చుట్టాలందరినీ విడివిడిగా ఎరిగి, ఒక పెళ్లిలో అందరినీ ఒక్కచోట చూసినట్టుంది. చుట్టూ రెండుసార్లు తిరిగాను. మెకానిక్ ఖాదర్ నన్ను చూసి, "సార్, పంపు ఇస్తారా, ప్రదక్షిణాలు అయ్యేదాకా ఆగమంటారా?" అన్నాడు.

పంపు సరిగ్గా కూర్చుంది. రేడియేటరు నింపి ఖాదర్ స్టార్ట్ చేశాడు. రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది. చాలాసేపు అలాగే ఉంచాం. వేడి ముల్లు మధ్య దాకా వచ్చి అక్కడే నిలబడింది. కోటేశ్వరరావు గారు బానెట్టు మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు, జ్వరం చూసినట్టు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. గేరు కర్ర స్టీరింగు పక్కన ఉంది. ఖాదర్ వేయబోతే లోపల పళ్లు కరకరలాడాయి. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అదే.

"అంబాసిడర్లు ఎన్నో తోలానండీ. ఇదేదో వేరే మొండిది" అని చెమట తుడుచుకున్నాడు. నాకు గేరు పెట్టెలో ప్రతి చక్రం పేరు తెలుసు గానీ, వేయడం తెలియదు.

పద్మావతి గారు గుమ్మంలోంచి అన్నారు: "రత్నకుమారి టీచర్ని పిలవండి."

"ఆవిడెందుకు?" అన్నారు భర్త.

"ప్రకాశం కూతురు కదండీ. ఆయన దీన్ని వేరేవాళ్లకెవరికి నేర్పాడు?"

తోటల దారి

ప్రకాశం ఈ కారు డ్రైవరు. మొదట ఇది నూజివీడు మిషను ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని డాక్టరమ్మది. ఆవిడ తన దేశం వెళ్లిపోతూ కోటేశ్వరరావు గారి నాన్నకు అమ్మింది. కారుతోపాటే డ్రైవరు ప్రకాశమూ ఈ ఇంటికొచ్చాడు. ఆయన చనిపోయాక కారు షెడ్డులోకి వెళ్లింది.

ఆయన కూతురు రత్నకుమారి ఆగిరిపల్లిలో ఉంటుంది. పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైంది. డెబ్బై ఏళ్ల మనిషి, సన్నంచు నేత చీర, మెడలో చిన్న సిలువ. ఆటో దిగి నేరుగా వచ్చి కారు వెనక తలుపు తీసి లోపలికి చూసింది.

"నేను పుట్టింది ఈ సీటులోనేనండీ" అంది నాతో, ఊరి పేరు చెప్పినంత మామూలుగా. "అమ్మకు నొప్పులొస్తే నాన్న డాక్టరమ్మను ఎక్కించుకుని ఆగిరిపల్లి వచ్చాడు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే నేను తొందరపడ్డాను. డాక్టరమ్మ వెనక సీట్లో పురుడు పోసింది. నాన్న వెనక్కి తిరక్కుండా బండి తోలాడట. తిరిగి చూస్తే గోతిలో వేస్తానేమోనని భయం."

"నడపడం ఎప్పుడు నేర్చుకున్నారు?"

"పదో తరగతి అయ్యాక. తోటల్లో, మధ్యాహ్నాలు, అందరూ పడుకున్నప్పుడు." కోటేశ్వరరావు గారి వైపు చూసి నవ్వింది. "మీ నాన్నగారికి తెలీదండీ."

"నాన్నకి తెలుసండీ" అన్నారాయన. "పెట్రోలు ఎందుకు తగ్గుతోందో ఆయనకి తెలీకుండా ఉంటుందా? ఊరుకున్నాడు."

ఆ మాటకు ఆవిడ వెనక తలుపు మెల్లగా మూసింది. తర్వాత కొంగు దోపుకుని ఎక్కింది. క్లచ్ తొక్కింది, వదిలింది, మళ్లీ తొక్కింది. కర్రను నెట్టకుండా వేళ్లతో అలా వాలనిచ్చింది. చిన్న చప్పుడు కూడా రాలేదు. కారు షెడ్డులోంచి ఎండలోకి వచ్చింది.

నన్ను ముందు సీట్లో కూర్చోమన్నారు. వెనక దంపతులు, ఖాదర్. ఊరు దాటి తోటల మధ్య దారి పట్టాం. కారు వేగంగా పోలేదు. ఆ దారిలో వేగంగా పోవాల్సిన పనీ లేదు. కొమ్మల నీడ బానెట్టు మీదుగా జారిపోతోంది. నా కాళ్ల కింద ఆ గేర్లు, ఆ బేరింగులు ఎక్కడి పని అక్కడ చేసుకుంటున్నాయి. ఇనుము ఇంత మెత్తగా మాట్లాడుతుందని నాకు తెలియదు. మా నాయన ఉండి ఉంటే అనుకున్నాను. ఆయనా బహుశా ఎన్నోసార్లు ఎక్కి ఉంటాడు, నాకు చెప్పి ఉండడు, అని సర్దుకున్నాను.

ఆగిరిపల్లి ఊళ్లోకి రాగానే హారన్ ఇరుక్కుపోయింది. ఒక మేకకు దారి కోసం టీచరు ఒక్కసారి నొక్కింది. అది ఆగలేదు. మేక ఎప్పుడో పోయింది, హారన్ మోగుతూనే ఉంది. ఇళ్లలోంచి జనం బయటికొచ్చారు. నిచ్చెనల మీదున్నవాళ్లు కాయలు వదిలి ఇటు చూశారు. ఖాదర్ బానెట్టు ఎత్తి ఏ తీగ పీకాలో వెతుకుతుంటే నేను చెప్పాను, "ఎడమవైపు, ఎర్ర చుట్టు ఉన్నది." పీకాడు. నిశ్శబ్దం. ఈ యాత్రలో నేను పనికొచ్చింది ఆ ఒక్క క్షణమే.

తట్టలో కాయలు మోస్తున్న ఒక ముసలమ్మ కారు దగ్గరికొచ్చి కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇది ప్రకాశం బండి కదే రత్నం! ఆయన కూడా ఇలాగే ఊరంతా లేపేవాడు." అని, తట్టలోంచి నాలుగు రసాలు తీసి సీటు మీద పడేసింది.

టీచరు గారి పంచ

రత్నకుమారి గారింట్లో ఆ రసాలు తిన్నాం. ఉంగుటూరు రైతు చెప్పినట్టే బుజ్జగించాను. చొక్కా పాడైంది. రెండోది తినేటప్పుడు కోడూరు పక్షాన నేను బస్సులో చేసిన వాదనలో కొంత వెనక్కి తీసుకున్నాను, మనసులోనే.

కోటేశ్వరరావు గారు తినలేదు. ఇంటి పక్కన రేకుల పంచ ఒకటుంది. టీచరు భర్త బతికున్నప్పుడు ట్రాక్టరు పెట్టేవారట. ఇప్పుడు అందులో కట్టెలూ ఒక విరిగిన మంచమూ. ఆయన ఆ పంచలోకి వెళ్లి అడుగులు వేసి కొలుచుకుంటున్నట్టు అటూ ఇటూ నడిచారు. పద్మావతి గారు చూసి, చూడనట్టు టెంక చీకుతున్నారు.

ఆయన తిరిగొచ్చి అడిగారు. "టీచరుగారూ, ఈ పంచ ఖాళీయేనా?"

"కట్టెలున్నాయండీ. తీస్తే ఖాళీయే."

"నాకు షెడ్డు పడగొట్టక తప్పదు. బండి ఇక్కడ పెట్టుకుంటారా? కాగితాలు నేను ఎప్పటికప్పుడు చేయిస్తూనే ఉన్నాను. పేరు నాదే ఉంటుంది, బండి మీ దగ్గర ఉంటుంది."

టీచరు వెంటనే సరేనంటుందనుకున్నాను. అనలేదు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఎదురుగా కూర్చుంది.

"కప్పి ఉంచడానికైతే నాకొద్దండీ. షోకేసుకి కాపలా కాయలేను. చర్చికి వెళ్లినప్పుడు, బజారుకి వెళ్లినప్పుడు నేను నడుపుకుంటాను. గీతలు పడితే పడతాయి. మీరు ఏమీ అనకూడదు."

"గీతలు..." అన్నారాయన.

"పడతాయండీ."

ఆయన కారు వైపు చూశారు. ఆకుపచ్చ రంగు మీద దుమ్ము, మామిడి జిగురు అప్పుడే అంటుకుంది. జేబులోంచి ఫోను తీసి పెరట్లోకి వెళ్లారు. హైదరాబాదు వాళ్లతో ఆయన గొంతు మొదట మెత్తగా, తర్వాత కొంచెం గట్టిగా వినిపించింది. "లేదండీ, మనసు మారడం కాదు. నడుస్తోందండీ అది. నడుస్తున్నదాన్ని ఎలా ఇస్తాం?" అన్నారు. తిరిగొచ్చి నా పక్కన కూర్చుని ఒక రసం అందుకున్నారు.

"రాయుడు గారూ, ఆ పంపు మళ్లీ పోతే?"

"అది నేను పోయాక గానీ పోదులెండి" అన్నాను.

రాత్రి మాట అక్కడితో తీరిపోయింది.

మళ్లీ నూజివీడు

మరునాడు నన్ను బస్సెక్కించడానికి టీచరే కారు తీసుకొచ్చింది. పద్మావతి గారు ఒక అట్టపెట్టె నిండా చిన్న రసాలు, వరిగడ్డి పరిచి సర్ది ఇచ్చారు. కడపలో ఎవరికి ఎన్ని పంచాలో కూడా ఆవిడే చెప్పారు.

బస్టాండు దగ్గరి సెంటర్లో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తి ఆపాడు. పాతికేళ్లు ఉంటాయేమో. కారును చూశాడు, స్టీరింగు ముందు కూర్చున్న పెద్దావిడను చూశాడు. ఏం అడగాలో తోచక లైసెన్సు అడిగాడు.

ఆవిడ పర్సు తెరిచి ఇచ్చింది. గడువున్నదే. నేనూ ఆశ్చర్యపోయాను. ఇన్నేళ్లూ కారన్నదే లేకపోయినా, గడువు తీరినప్పుడల్లా వెళ్లి రెన్యువల్ చేయించుకుందట. "నాన్న ఇప్పించింది కదండీ, వదలబుద్ధి కాలేదు" అంది.

కానిస్టేబుల్ కార్డు తిరిగిచ్చి, జాలీ మీది బిళ్లను వంగి చదవబోయాడు. "ఏ కంపెనీ అండీ ఇది?"

"ఇంగ్లండుది బాబూ. ఎప్పుడో మూతపడింది."

"మూతపడిందా? మరి ఇది బానే నడుస్తోందిగా!"

"దీనికింకా ఎవరూ చెప్పలేదులే" అంది టీచరు.

వెనక లారీ ఒకటి, రెండు ఆటోలు ఒకేసారి హారన్లు కొట్టాయి. కానిస్టేబుల్ నవ్వుతూ మధ్యలోకి వెళ్లి అటువైపు బండ్లన్నీ ఆపి మాకు దారిచ్చాడు. టీచరు క్లచ్ రెండుసార్లు తొక్కి గేరు వేసింది. కడప వైపు పోయే బస్సు రావడానికి ఇంకా టైముంది. "ఒక చుట్టు తిరిగొద్దామా?" అని అడిగింది. సరేనన్నాను.